నీడకి నాలుగడుగులు

నీడ నాలుగడుగుల దూరంలోనే ఉంది. రత్నం జరగలేదు. తప్పు రత్నానిది.

ఏడాదిగా దాలయ్య అడిగినవాళ్ళందరికీ ఈ మూడు ముక్కలే చెప్పాడు. భిలాయి ఊళ్ళో, కోహ్కాలో ఇరుగుపొరుగుకి, సెక్టర్ 7లో పాత క్వార్టర్లవాళ్ళకి, టెక్కలి నుంచి ఫోన్ చేసిన బావమరిదికి. మేడ మీద, ఎత్తు స్తంభాలపైన నీళ్ళ టాంకు ఉంది. టాంకు కింద మనిషి పట్టేంత నీడ ఉంది. రోహిణి కార్తె ఎండలో ఆ నీడలోకి జరగడానికి ఎవరికీ చదువక్కర్లేదు. కోడికి తెలుసు, కుక్కకి తెలుసు. రత్నానికి తెలియలేదు. ఆపైన ఎవరైనా ఇంకేమైనా అడగబోతే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు.

కూతురు ప్రసూన మాత్రం ఆ మూడు ముక్కలతో సరిపెట్టుకోలేదు. ప్రతి ఆదివారం వైశాలి నగర్ నుంచి స్కూటీ మీద వచ్చేది. తండ్రికి నాలుగు రోజులకి సరిపడా కూర, చారు వండి ఫ్రిజ్‌లో పెట్టేది. వెళ్ళేముందు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఒకే ప్రశ్న వేసేది.

"అమ్మ ఒక్కతీ మెట్లెక్కడం మానీసి అప్పటికి ఆర్నెల్లయింది నాన్నా. ఆ రోజు మేడ మీదకి ఎలా వెళ్ళింది?"

"కాళ్ళతో వెళ్ళింది," అనేవాడు దాలయ్య.

ఆమె స్కూటీ ఎక్కి వెళ్ళిపోయేది.

దాలయ్య టెక్కలి పక్క పల్లెలో ఐదో తరగతి దాకా చదివాడు. పంతొమ్మిదో ఏట మేనమామ వెంట భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటులో ఖలాసీగా చేరాడు. ఆ మేనమామ కూతురే రత్నం.

ఖలాసీ పని బరువులు ఎత్తించడం. పైన క్రేన్ క్యాబిన్‌లో డ్రైవరు కూర్చుంటాడు. కొక్కెం ఎక్కడ దిగుతోందో, ఉక్కు దిమ్మ ఎటు ఊగుతోందో అతనికి సరిగ్గా కనబడదు. కింద నిలబడ్డ ఖలాసీ చేత్తో చూపించి, గొంతెత్తి చెప్పాలి. హబేస్ అంటే ఎత్తు. ఆరియా అంటే దించు. బస్ అంటే ఆగు. మొదటి రెండు మాటలూ ఏ భాషవో అక్కడ ఎవరికీ తెలియదు. తెలుగువాడూ బీహారువాడూ ఛత్తీస్‌గఢీవాడూ వాటితోనే ముప్పై టన్నుల బరువు లేపారు, దించారు. డ్రైవరుకి బలముంటుంది, చేతిలో మీటలుంటాయి. కానీ ముందు ఏది, తరవాత ఏది, ఎక్కడ ఆపాలి అన్నది ఖలాసీ బుర్రలోనే ఉంటుంది.

ఆ పనికి అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. బరువు గాల్లో ఉండగా ఖలాసీ చోటు వదలకూడదు. ముప్పై ఎనిమిదేళ్ళలో దాలయ్య ఒక్కసారీ వదల్లేదు. తండ్రి పోయాడన్న కబురు ప్లాంటులో పని జరిగే షాపులోకే వచ్చిన రోజున కూడా, దిమ్మ నేల మీద కూర్చుని గొలుసు వదులైందని చేత్తో తడిమి చూసుకున్నాకే ఏడ్చాడు.

అతను రిటైరై, కోహ్కాలో ఇల్లు కట్టుకుని వచ్చిన ఏడేళ్ళకి రత్నం వంటింట్లో నిలబడిపోవడం మొదలైంది.

మొదటిసారి ఒక ఆదివారం. చేపలు తెచ్చి ఇచ్చాడు. గంట తరవాత చూస్తే చేపముక్కలు కడిగి ఉన్నాయి, చింతపండు నానింది, ఉల్లిపాయలు తరిగి ఉన్నాయి, స్టవ్ వెలగలేదు. రత్నం గరిటె పట్టుకుని వాటివంక చూస్తోంది.

"తరవాతేటి, మావా?" అంది.

"నన్నడుగుతావేటే? నలభై ఏళ్ళు నువ్వే కదా వండినావు."

"అవును," అంది రత్నం. ఉత్తినే ఒప్పుకున్నట్టు. మళ్ళీ చూస్తూ నిలబడింది.

దాలయ్యకి అది వేళాకోళంలా వినబడింది. రిటైరైనప్పటినుంచీ అతనే వంటింట్లోకి దూరి, పోపు మాడింది, ఉప్పు ముందే వేశావు అని వంకలు పెడుతున్నాడు. అయితే నువ్వే చెప్పు, నువ్వే చేసుకో అని ఆవిడ పంతం పట్టిందనుకున్నాడు. ఆ అనుమానం ఒకసారి తలకెక్కాక దానికి సాక్ష్యాలు రోజూ దొరికాయి. పాలు, పంచదార, టీపొడి గిన్నెలో పోసి స్టవ్ వెలిగించకుండా ఎదురుగా నిలబడేది. నాలుగు సరుకులు తెమ్మంటే మొదటిదొక్కటే కొని, కొట్టుముందు అరుగు మీద కూర్చునేది. చీర చుట్టుకున్నాక లంగా చేతిలో పట్టుకుని, దీన్నేం చెయ్యాలన్నట్టు చూసేది.

మరుపు అనుకోవడానికి వీల్లేదు. మరుపే లేదు. ఎవరి పెళ్ళి ఏ నెలలో అయిందో, పాతపట్నం సూరప్పడు తనకి ఏ వరసో, వాడి తోడల్లుడి చెల్లెలు దాలయ్యకి ఏమవుతుందో ఒక్కటి తప్పకుండా చెప్పేది. అంత గుర్తున్న మనిషికి టీ కాయడం రాదంటే దాలయ్య ఎలా నమ్ముతాడు?

ప్రసూన అత్తవారు భోజనానికి వచ్చిన రోజు మూడు గిన్నెల అన్నం వండింది రత్నం. ఒక గిన్నె దించి, రెండోది ఎక్కించి, అదీ దించి మూడోది. కూర లేదు, పప్పు లేదు. వియ్యాలవారి ముందు దాలయ్య నవ్వాడు.

"మా ఇంట్లో యూనియన్ పెట్టీసినారండి. సమ్మె నడుస్తంది."

వాళ్ళూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి ఒళ్ళు మండింది.

మర్నాటినుంచి ఇంట్లో తినడం మానేశాడు. పదిహేను రోజులు, రెండు పూటలా, చౌక్ దగ్గర హోటల్లో తిన్నాడు. తిక్క కుదురుతుందనుకున్నాడు. ఆవిడేం తింటోందో అడగలేదు. పదహారో రోజున తోపుడుబండి అరటిపళ్ళవాడు ఎదురుపడి, "మాతాజీ వ్రతం పట్టిందా బాబూ, రోజూ పళ్ళూ అటుకులే తింటోంది" అన్నాడు. దాలయ్య ఇంటికి వచ్చి కంచం కడుక్కున్నాడు. ఆ రోజు కూడా పలకరించలేదు.

చివరికి ప్రసూనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. దాలయ్య వెంట వెళ్ళాడు, బద్ధకానికి మందుంటే చూద్దామని.

డాక్టరు ఇవాళ ఏ వారం, ఏ నెల, పిల్లలెందరు అని హిందీలో అడిగాడు. రత్నం అన్నీ సరిగ్గా చెప్పింది. దాలయ్య కూతురివంక, చూశావా అన్నట్టు చూశాడు. అప్పుడు డాక్టరు, "చాయ్ ఎలా చేస్తారమ్మా?" అన్నాడు.

"పాలు, చాయ్‌పత్తీ, చీనీ, అల్లం," అంది రత్నం.

"ముందేం చేస్తారు?"

రత్నం నోరు తెరిచింది. మూసుకుంది. మొగుడివంక తిరిగింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ అలా చూడడం దాలయ్య ఎరగడు. పరీక్షలో పక్కవాడి పలకవంక చూసే పిల్లలా ఉంది.

ఇంకా పరీక్షలూ ఫోటోలూ అయ్యాక డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. బయట బెంచీ మీద ప్రసూన తండ్రికి చెప్పింది.

"అమ్మకి గుర్తు పోలేదంట నాన్నా. పని వరస పోయిందంట. నుదుటి వెనకాల ఉంటుందంట అది. ఏది ముందు, ఏది వెనక, ఎప్పుడు ఆపాలి, అనుకున్నట్టు అవకపోతే ఏటి చెయ్యాలి, అదంతా చూసుకునే చోటు. అదే ముందు పాడవుతోందంట. రాను రాను మిగతాదీ పోతుంది. బద్ధకం కాదు. మొండితనం కాదు."

మనుషుల వరసలన్నీ ఉన్నాయి, పని వరస పోయింది. దాలయ్య తల దించుకుని చెప్పులవంక చూశాడు. హోటల్లో తిన్న పదిహేను రోజులూ లెక్కకి వచ్చాయి.

"మరేటి చెయ్యాలంట?"

"రెండే చెప్పాడు. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. పక్కనే ఉండాలి."

ఆ రాత్రి గడిచి తెల్లవారాక దాలయ్య వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రత్నం స్టవ్ ముందు నిలబడింది.

"తరవాతేటి, మావా?"

"గిన్నె హబేస్," అన్నాడు, చెయ్యి పైకి తిప్పుతూ.

రత్నం గిన్నె ఎత్తింది.

"స్టవ్ మీద ఆరియా. ఆరియా. బస్."

గిన్నె స్టవ్ మీద కూర్చుంది. రత్నం అతనివంక తిరిగి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నానేటి క్రేన్నా, మావా?"

"క్రేనయితే ఇన్ని మాటలాడదు. అగ్గి వెలిగించు."

వెలిగించింది. పాలు పొయ్యమంటే పోసింది. పొంగుతున్నాయి, ఆరియా అంటే దించింది. ఆ టీ తాగుతూ దాలయ్య, ఏడాదిన్నరగా ఈ మనిషిని ఎన్నెన్ని మాటలన్నాడో ఒక్కొక్కటీ తలుచుకున్నాడు. పైకి మాత్రం, "పంచదార ఎక్కువైంది" అన్నాడు.

ఎనిమిది నెలలు అలా నడిచింది. అతను ఒక్కొక్క పనీ చెప్పేవాడు, ఆవిడ చేతులు చేసేవి. చేతుల్లో పనితనం ఎక్కడికీ పోలేదు. బెండకాయలు మునుపటిలాగే సన్నగా తరిగేది. చేపల పులుసు మునుపటిలాగే కుదిరేది. బస్ అంటే ఆగి, మళ్ళీ అతను చెప్పేదాకా అలాగే ఉండేది. ఒకసారి స్నానాలగదిలో బస్ అని తువ్వాలు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి, చెంబు నెత్తి మీద అలాగే పట్టుకుని కూర్చుని ఉంది. దాలయ్య నవ్వుకున్నాడు. అంత బాగా మాట వినే డ్రైవరు తన సర్వీసులో దొరకలేదనుకున్నాడు.

ఆ రోజు మే నెలాఖరు. ఇక్కడివాళ్ళు నౌతపా అంటారు, తొమ్మిది రోజులు నిప్పులు కురుస్తాయి. వడియాలకి అంతకన్నా మంచి ఎండ లేదు. పొద్దున్నే ఇద్దరూ కలిసి పిండి ఉడికించారు. మెట్టు మెట్టుకీ "కాలు హబేస్, బస్" అంటూ పద్దెనిమిది మెట్లు ఎక్కించడానికి పావుగంట పట్టింది. తడిగుడ్డ పరిచి, గరిటె చేతికిచ్చాడు.

మొదటి రెండు వరసలూ బాగానే వేసింది. తరవాత ఒకదాని మీదే ఇంకొకటి వెయ్యడం మొదలుపెట్టింది.

"పక్కన వెయ్యే."

వేసింది. మళ్ళీ దాని మీదే.

"పక్కన, పక్కన. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

అంతలో ఫోను మోగింది. రాజాబాబు. ఇరవై ఏళ్ళు దాలయ్య చెయ్యి చూసి క్రేన్ నడిపిన డ్రైవరు. భిలాయి వదిలి విశాఖలో కొడుకు దగ్గరికి మకాం మార్చేస్తున్నాడు.

"బావా, సాయంత్రం బండికి ఎలిపోతన్నాను. చౌక్‌లో టీ ఠేలా దగ్గరున్నాను. ఒక్క టీ తాగి పోదువు గానీ, రా."

దాలయ్య గిన్నెవంక చూశాడు. సగం పిండి ఉంది. మెట్లవంక చూశాడు. దింపాలంటే మళ్ళీ పావుగంట, పద్దెనిమిదిసార్లు బస్. అతనికి విసుగొచ్చింది. ఎంతసేపు, పది నిమిషాల్లో వచ్చెయ్యనూ అనుకున్నాడు. కోపం చల్లారకుండానే అరచెయ్యి చాచి, షాపులో అరిచినట్టే అరిచాడు.

"బస్."

రత్నం గరిటె గాల్లోనే ఆపింది. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అప్పటికి తొమ్మిదిన్నర.

ఠేలా దగ్గర వేపచెట్టు నీడ చల్లగా ఉంది. రాజాబాబు అప్ప ఎలా ఉందని అడిగాడు. రత్నాన్ని అతను మొదటినుంచీ సొంత అక్కలా అప్ప అనే పిలుస్తాడు. దాలయ్యకి చెప్పుకోవడానికి సంగతుంది. హబేస్ చెప్పాడు, ఆరియా చెప్పాడు, పులుసు కుదిరిన వైనం చెప్పాడు. పెద్ద చదువులు చదివిన డాక్టరు రెండు ముక్కలంటే, ఐదో తరగతి చదివిన తాను దాన్ని ఎలా నడిపిస్తున్నాడో చెప్పాడు. రాజాబాబు కళ్ళు పెద్దవి చేసి విన్నాడు. మరో టీ వచ్చింది. షాపు కబుర్లు వచ్చాయి. పోయినవాళ్ళు, ఉన్నవాళ్ళు. సమోసా వచ్చింది.

ఒక దగ్గర రాజాబాబు నవ్వాడు.

"అంతా బాగానే ఉంది గానీ బావా, ఖలాసీ నువ్విక్కడుంటే మరి అక్కడ లోడు మాటేటి?"

దాలయ్య గ్లాసు కింద పెట్టాడు. లేవాలి. కానీ లేస్తే, బరువు గాల్లో వదిలి వచ్చాడని తన డ్రైవరు ముందు ఒప్పుకున్నట్టవుతుంది.

"లోడు దించీసే వచ్చినాన్రా. నాకు చెప్తావేటి," అన్నాడు. మాట నిజమనిపించడానికి ఇంకో టీ చెప్పాడు.

ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. మెట్ల పక్క గోడ చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. రత్నం ఉన్నచోటే ఉంది. కొంగు జారిపోయింది. ముఖం ఎర్రగా ఉబ్బింది, చెమట లేదు. గరిటె చేతిలోనే ఉంది, దాని మీద పిండి ఎండి పెచ్చు కట్టింది. నాలుగడుగుల అవతల టాంకు కింద నీడ నల్లగా, ఖాళీగా ఉంది.

అతన్ని చూసి ఆవిడ పెదాలు కదిపింది.

"తరవాతేటి, మావా?"

అని, పడిపోయింది.

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. మళ్ళీ మాట్లాడలేదు. మొదటి రోజే నర్సు ఎలా జరిగిందని రాసుకోబోతే దాలయ్య నోటికి వచ్చింది చెప్పాడు. తాను మందుల కోసం వెళ్ళానని, ఆవిడే మేడ మీదికి ఎక్కిందని, పక్కనే నీడున్నా జరగలేదని. తరవాత చెప్పిన ప్రతిసారీ ముందు సగం కొంచెం కొంచెం రాలిపోయి, చివరి ముక్కే మిగిలింది. అది నిజం కూడా. అందుకని దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

సంవత్సరీకం కోహ్కా ఇంట్లోనే జరిగింది. బ్రాహ్మడు వెళ్ళాడు, వచ్చిన నలుగురూ భోంచేసి వెళ్ళారు. రాజాబాబు ఉండిపోయాడు. విశాఖ వెళ్ళాక మళ్ళీ భిలాయి రావడం అదే. ఫొటో ముందు చాలాసేపు కూర్చుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ప్రసూన అతనికి టీ తెచ్చి ఇచ్చింది.

"మీ నాన్న అప్పని ఎంత బాగా చూసుకున్నాడో నాకు తెలుసమ్మా," అన్నాడు. "ఆ రోజు పొద్దున్న ఠేలా దగ్గర రెండు గంటలు అదే చెప్పినాడు నాకు. క్రేన్ని నడిపినట్టు నడిపినాడంట. హబేస్ అంటే ఎత్తేదంట, ఆరియా అంటే దించేదంట. నాకు ఏడుపొచ్చింది."

ప్రసూన చేతిలో పళ్ళెం ఆగింది. "ఏ రోజు, మావయ్యా?"

"నాను ఊరెళ్ళిన రోజేనమ్మా. రైలు దిగేసరికి అప్పకి ఇలాగయిందని ఫోనొచ్చింది. నానే అడిగినాను కూడా, నువ్విక్కడుంటే లోడు మాటేటని. దించీసే వచ్చినానన్నాడు. మీ నాన్న సంగతి నీకు తెలీదు. నా మొదటి డ్యూటీలోనే చెప్పినాడు, నాను బస్ అన్నాక మళ్ళీ చెప్పేదాకా నెత్తి మీద పిడుగు పడ్డా కదలకురా అని. అంత నిక్కచ్చి మనిషి."

కూలర్ చప్పుడు పెద్దగా వినబడింది. రాజాబాబు ఒకరి తరవాత ఒకరివంక చూసి, తానేదో అనకూడనిది అన్నానని అర్థమై, కప్పు కింద పెట్టాడు.

ప్రసూన తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది. గొంతు పెంచలేదు.

"దించావా, నాన్నా?"

దాలయ్యకి ఆ మూడు ముక్కలూ నోటిదాకా వచ్చాయి. నీడ నాలుగడుగులు. రత్నం జరగలేదు. తప్పు. అక్కడ ఆగిపోయాడు. ఏడాదిలో మొదటిసారి మూడో ముక్క నోరు దాటలేదు. తానే బస్ అన్నాక, డ్రైవరు జరగలేదని ఏ ఖలాసీ ఫిర్యాదు చేస్తాడు?

"దించలేదు," అన్నాడు. "నానే ఎక్కించినాను. బస్ అన్నాను. ఎలిపోనాను."

"ఎంతసేపు?"

"రెండున్నర గంటలు."

"అక్కడే ఉందా?"

"బస్ అన్నాను కదా. మరెక్కడుంటాది?"

రాజాబాబు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ప్రసూన తిడుతుందని దాలయ్య ఎదురు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె లేచి టీకప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి నీళ్ళ చప్పుడు అయింది, ఆగింది. బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది. ఎప్పటిలాగే అక్కడ ఆగింది.

"నువ్వు తిరిగొచ్చేసరికి అమ్మకి తెలివుందా? ఏటైనా అందా?"

దాలయ్య ఫొటోవంక చూశాడు. రత్నం అందులో ఏదో చెప్పమన్నట్టు చూస్తోంది.

"అది నీకు చెప్పను," అన్నాడు. "అడగాల్సింది అడిగినావు, చెప్పాల్సింది చెప్పినాను. ఇంక ఈ మాట నా ముందు తేకు. నువ్వు తెచ్చినా, ఎవరు తెచ్చినా, చచ్చేదాకా దీని గురించి నాను నోరు విప్పను."